బుడ్డల పొట్టు - నీళ్లలో విషం



వానకాలంలో వంక నీళ్లు ఎర్రగా వస్తాయి. వెనకటి పెద్దలు ఏం చేసేవారు? కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. కాసేపటికి మన్ను అడుక్కు దిగేది. నీళ్లు తేటపడేవి. చెట్టు గింజకు అంత గుణం ఉంది.

అయితే తేట నీళ్లన్నీ మంచి నీళ్లేనా? కాదు. కొన్ని విషాలు కంటికి కనబడవు. నీళ్లలో ఉప్పు కరిగినట్టు కరిగి ఉంటాయి. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ అలాంటివే. వీటిని భార లోహాలు అంటారు. నీళ్లు కాచినా ఇవి పోవు. నీళ్లు ఆవిరైపోతాయి, లోహం గిన్నెలోనే ఉంటుంది.

సీసం ఒంట్లో చేరితే రక్తం తగ్గుతుంది. పిల్లల మెదడు దెబ్బతింటుంది. చదువు ఎక్కదు. తల్లి ఒంట్లోని సీసం కడుపులో బిడ్డకు కూడా చేరుతుంది.

ఈ లోహాలు నీళ్లలోకి ఎలా వస్తాయి? ఫ్యాక్టరీలు వదిలే నీళ్లతో వస్తాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట కూడా సీసం నేలలో చేరుతుంది. కోసిగి జనం సుగ్గికి గుంటూరు పోతారు. కూలి పనికి బెంగళూరు, హైదరాబాదు పోతారు. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు ఉంది. అక్కడ ఫ్యాక్టరీల నీళ్లతో నక్కవాగు చెడింది. పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని 2001లో హైదరాబాదు శాస్త్రవేత్తలు రాశారు. పోయిన చోట ఏ నీళ్లు తాగుతున్నారో చూసుకోవాలి.

ఇక బుడ్డల సంగతి. బుడ్డలు ఒలిచాక పొట్టు ఏం చేస్తారు? పొయ్యిలో వేస్తారు, దిబ్బలో పోస్తారు. ఆ పొట్టుకే లోహాన్ని పట్టే గుణం ఉంది. చేనిలో నడిస్తే చీర అంచుకు పల్లేరు ముళ్లు పట్టుకుంటాయి కదా! పొట్టుకు లోహం అట్లే పట్టుకుంటుంది. పొట్టును బొగ్గు చేస్తే సన్న సన్న రంధ్రాలు పడతాయి. అప్పుడు ఇంకా బాగా పడుతుంది. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1994లో ఈ బొగ్గుతో నీళ్లలో కాడ్మియం తీసి చూపించారు. వరి ఊక, కొబ్బరి పీచు మీద కూడా ఇలాంటి పరిశోధనలు జరిగాయి.

మరి ఇంట్లో బిందెలో పొట్టు వేసుకుని ఆ నీళ్లు తాగవచ్చా? వద్దు. ఎందుకంటే:

అంచు నిండాక ఇంకో ముల్లు పట్టదు. పొట్టు కూడా అంతే. ఎప్పుడు నిండిందో కంటికి తెలియదు.

లోహం పట్టిన పొట్టు కూడా విషమే. దాన్ని పశువులకు వేయరాదు. ఎరువులో కలపరాదు. పొయ్యిలో కాల్చరాదు.

ఫ్లోరైడు లోహం కాదు. మామూలు పొట్టుతో అది పోదు. పళ్లు గార పట్టించేది, ఎముకలను వంచేది ఫ్లోరైడే.

కాబట్టి ఈ పని ఫ్యాక్టరీ గేటు లోపలే జరగాలి. మురికి నీళ్లు బయటికి రాకముందే శుభ్రం చేయాలి. అది ఫ్యాక్టరీ వాళ్ల బాధ్యత.

మీరు చేయవలసింది నీళ్ల పరీక్ష అడగడం. 2019లో జల జీవన్ మిషన్ పథకం వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలి. పెట్టెలోని మందు వేసి, రంగు చూసి, ఫ్లోరైడు ఎంతో చెప్పవచ్చు. లోహాల సంగతి తేలాలంటే నీళ్లను ప్రయోగశాలకు పంపాలి. పంచాయతీలో అర్జీ ఇవ్వండి.

పరీక్ష కాగితం వస్తే చదవండి. రెండు అంకెలు గుర్తుంచుకోండి. లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. సీసం 0.01 మిల్లీగ్రాము దాటరాదు. అంటే లక్ష లీటర్ల నీళ్లకు ఒక్క గ్రాము! ఆ నీళ్లలో అంతకన్నా ఎక్కువ ఉంటే తాగడం మానండి, వంటకూ వాడకండి. వేరే నీళ్లు ఇమ్మని నలుగురూ కలిసి అడగండి. కాగితం చేతిలో ఉంటే కాదనడం కష్టం.