ఇళ్లు కట్టండి, నీటి దారి మూయకండి
(మండల రైతుల సభలో చేసిన ప్రసంగం)



మనం ఇళ్లకు వ్యతిరేకం కాదు. మన పిల్లలకూ ఇళ్లు కావాలి. ఎక్కడ కడుతున్నారు, నీటి దారిని ఏం చేస్తున్నారు అన్నదే మన ప్రశ్న.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరతాయి. మధ్యలో వెంచర్ వేసి, మొరం పోసి కాలువ పూడిస్తే కింది చెరువు నిండదు. ఆయకట్టు ఎండుతుంది, బోర్లు వట్టిపోతాయి. పెద్ద వాన పడితే అదే నీరు కొత్త ఇళ్లల్లోకి వస్తుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు మునగడం చూశాం. అక్కడ అప్పు చేసి ప్లాటు కొన్నవాళ్లూ మనలాంటివాళ్లే.

నిబంధనలు లేక కాదు. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలని తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. అమలు చేయించాల్సింది మనమే.

మన డిమాండ్లు మూడు. అనుమతికి ముందు లేఅవుట్ నక్షాను గ్రామసభలో పెట్టాలి. చెరువు శిఖానికి, కాలువకు సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. కాలనీ మురుగును శుద్ధి చేయకుండా చెరువులోకి వదలొద్దు.

భూమి అమ్ముకున్న రైతును మనం తప్పుపట్టం. అప్పులే అమ్మిస్తున్నాయి. కానీ కాలువ ఊరందరిది. దాన్ని అమ్మే హక్కు మనలో ఎవరికీ లేదు. వచ్చే గ్రామసభకు ఊరి నక్షా పట్టుకుని అందరం కదులుదాం.