ఉగ్రవాది అని పేరు పెట్టేదెవరు?

(మునగాలలో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడంలో పత్రికలు, టీవీల పాత్ర ఏంటో చెప్పమన్నరు. జయంతి నాడు మనకీ ముచ్చట ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. ఎందుకో చెప్త.

ఇది మనకు దూరం ముచ్చట కాదు. 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలిన దిల్‌సుఖ్‌నగర్, మన రూట్ల బస్సులు ఆగే చోటు. మన పిల్లలు హాస్టళ్ళల్ల ఉండి కోచింగులకు పోయే చోటు. అంతకుముందు 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో 42 మంది చనిపోయారు. బస్సు కోసం నిలబడ్డవాణ్ణి చంపేదాన్ని ఈ వేదిక మీద ఎవరూ వెనకేసుకురారు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్న.

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపిన్రు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. హోంగార్డంటే రోజు లెక్కన డబ్బులు తీసుకొని డ్యూటీ చేసే మనిషి. మొదట దొంగల ముఠా అన్నరు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ కాల్పుల్లో పోయినంక, 2013లో ఖండ్వా జైలు నుంచి పారిపోయిన సిమీ వాళ్ళని పోలీసులు చెప్పిన్రు. అక్కడ ఇంకో కానిస్టేబుల్ చనిపోయాడు. గాయపడ్డ ఎస్సై మూడు రోజులకు ఆస్పత్రిలో పోయాడు.

ఆ వారమంతా స్టాఫ్ రూములో పేపరు గట్టిగా చదివింది నేనే. ఎనిమిదో తరగతిలో ఒక ముస్లిం పిలగాడు ఉండె. వాళ్ళ నాయినది రోడ్డు పక్కన పంక్చర్ షాపు. ఒకరోజు పక్కోడు వాణ్ణి "అరే ఉగ్రవాదీ, జరుగు" అన్నడు. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి లెక్క చేసుకుంట పోయిన. పిలగాడు పరీక్షలు రాసిండు, జూన్‌లో మళ్ళీ బడికి రాలేదు. నా చిన్నప్పుడు నన్ను కులం పేరుతోని పిలిస్తే, ఆనాటి సారు కూడా బోర్డు వైపే తిరిగిండు. ఆ సంగతి నాకు ఆలస్యంగా యాదికొచ్చింది.

బాంబు పెట్టేటోడు కోరేదేంది? పక్కింటోడిని చూసి పక్కింటోడు భయపడాలె. మనిషి పేరు వినంగనే అనుమానం పుట్టాలె. మరి పేపరు చేసే పని కూడా అదే అయితే, ఆ పేపరు ఉగ్రవాదంతోని కొట్లాడుతున్నట్టా, దానికి కూలికి పనిచేస్తున్నట్టా?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకపోయిన్రు. పేలుడు ముస్లింలు నమాజు చేసే చోట, అనుమానం కూడా ముస్లింల మీదనే! తర్వాత ఆ దర్యాప్తు హిందూ సంస్థల వాళ్ళ వైపు తిరిగింది. 2012లో అట్లా బాధపడ్డ యువకులకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న విచారణలో మిగిలిన ఐదుగురు నిందితులనూ కోర్టు వదిలేసింది. అంటే చచ్చిపోయినోళ్ళకు ఇప్పటికీ న్యాయం లేదు. తొందరపడి పేరు పెడితే అసలోడు తప్పించుకుంటడు. నష్టం బాంబుకు బలైనోళ్ళకే.

ఇంకో దిక్కు కూడా చూడాలె. 2008 నవంబరులో ముంబయిలో దాడి జరుగుతుంటే టీవీలు లైవ్ చూపించినయ్. అది చూసి పాకిస్తాన్‌లో కూర్చున్నోళ్ళు ఫోన్‌లో దాడి నడిపిన్రు. 2012లో సుప్రీంకోర్టు ఆ టీవీలను గట్టిగా తప్పుపట్టింది. 2015 మార్చిలో కేంద్రం నియమం తెచ్చింది: ఆపరేషన్ నడుస్తున్నంతసేపు లైవ్ వద్దు, అధికారి చెప్పిందే చూపాలి. దానికి నేను ఒప్పుకుంట. ప్రాణాలు ముఖ్యం. కానీ ఆపరేషన్ అయిపోయినంక కూడా అధికారి చెప్పిందే రాస్తే, ఇక విలేకరి ఎందుకు?

అదే ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు వ్యాన్‌లోనే చచ్చిపోయారు. తుపాకులు గుంజుకోబోయారని పోలీసులన్నారు. ఫోటోల్లో చేతులకు బేడీలు కనిపించినయ్. వాళ్ళ మీద పోలీసులను చంపిన కేసులూ ఉన్నయ్. అవి తేల్చాల్సింది కోర్టు. ఆ రోజు ప్రశ్న లేపింది కూడా ఫోటోనే అని మర్చిపోవద్దు. పత్రిక చేయాల్సిన పని అది. అదే రోజు శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలను కాల్చేసిన్రు. వాళ్ళకు పెట్టిన పేరు స్మగ్లర్లు.

ఇక మన లెక్క. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేసిన్రు. ఊరికి ఊరే భయంతో వదిలిపోయింది. భయపెట్టడం కోసం చంపడమే ఉగ్రవాదమైతే, అది ఏంది? ఇప్పటికీ "చుండూరు ఘటన" అనే రాస్తరు. ఘటనంటే వానపడ్డట్టు జరిగిందన్నట్టు! 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే, నేరం కొలిచే తక్కెడ కూడా వాళ్ళ చేతిలోనే ఉంటది.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పెట్టింది ఇందుకే. ఇప్పుడు ప్రతి ఒక్కరి జేబులో సెల్లు ఉంది. వాట్సప్‌లో ఒక ఫోటో పంపితే మనమూ పేపరోళ్ళమే, ఆ తప్పు మనమూ చేస్తం. కాబట్టి మూడు మాటలు. నేరం రుజువు కాకముందు "నిందితుడు" అనే రాయండి, అనండి. అరెస్టును ఎంత పెద్ద అక్షరాల్లో రాసిన్రో, నిర్దోషి అని విడుదలైన రోజు కూడా అంతే పెద్దగా రాయమని విలేకరులను అడగండి. పోయిన హోంగార్డు ఇంటికి, అనుమానంతో పట్టుకపోయిన పిలగాడి ఇంటికి, రెండిళ్ళకూ పొమ్మనండి.

ఆ పిలగాడు ఇప్పుడు ఎక్కడున్నడో నాకు తెల్వదు. క్లాసులో ఆ మాట ఇంకోసారి వినపడితే మాత్రం చాక్‌పీసు కింద పెట్టి ఇటు తిరుగుత. మీరూ తిరగండి.

జై భీమ్.