తక్కెడ ముందు నేతగాడు

(నాటక బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం వేసే నాటకాల్లో యజమాని మీసం మెలేస్తాడు, నాయకుడు పది నిమిషాలు ఉపన్యాసమిస్తాడు. చప్పట్లు పడతాయి. మర్నాడు షిఫ్టులో ఒక్క మాట గుర్తుండదు. అందుకే ఇవాళ మన వృత్తివాళ్ల మీదే వచ్చిన ఒక నాటకం గురించి చెబుతాను. జర్మన్ రచయిత గెర్హార్ట్ హౌప్ట్‌మన్ 1892లో అచ్చువేసిన ‘నేతగాళ్లు’. ఆయన తాత పడుచుతనంలో పేద నేతగాడు. 1844 జూన్‌లో సైలీషియాలో నేతపనివారు తిరగబడ్డారు, సైన్యం కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఆ ప్రాంతం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. కథ అదే.

తెర లేవగానే ఉపన్యాసం లేదు. ఒక బల్ల, ఒక తక్కెడ, ఒక భూతద్దం. నేసి తెచ్చిన గుడ్డను గుమాస్తా ఫైఫర్ పరీక్షిస్తాడు, తప్పులు వెతుకుతాడు, కూలి కోస్తాడు. జనం కోర్టులో తీర్పు కోసం నిలబడ్డట్టు నిలబడతారు. మన ఫోల్డింగు ఖాతాలో డ్యామేజీ రాసే బల్ల గుర్తొచ్చిందా? ఇంకో సంగతి, ఈ ఫైఫర్ కూడా ఒకప్పుడు నేతగాడే! ఇప్పుడు బాగా తిని ఒళ్లు చేశాడు. అంతలో గుడ్డ మోసుకొచ్చిన పసివాడు ఆకలితో సొమ్మసిల్లి పడతాడు. ఇంత చిన్నవాణ్ణి ఎలా పంపారని యజమాని తల్లిదండ్రులనే తప్పుపడతాడు. అతని నోట దయ మాటలే వస్తాయి. చూసేవాడికి ఒళ్లు మండేది అక్కడే.

నాటకంలో కథానాయకుడు లేడు. అంకం అంకానికీ చోటు మారుతుంది, మనుషులు మారతారు. వాళ్లను కలిపేది ఒక పాట. అది 1844లో నేతపనివారు నిజంగా పాడుకున్నదే.

చివరి అంకం మీద మనలో వాదం రావచ్చు. ముసలి హిల్జె దేవుణ్ణి నమ్ముకుని, గొడవకు పోనని మగ్గం దగ్గరే కూర్చుంటాడు. బయటి నుంచి వచ్చిన తుపాకీ గుండు అతనికే తగులుతుంది. చూపులేని భార్య పలకరిస్తూనే ఉంటుంది. పోరాటాన్ని కించపరిచాడని కొందరంటారు. నాకు మాత్రం అలా అనిపించదు. ఇంట్లో కూర్చున్నా గుండు వెతుక్కుంటూ వస్తుందని ఒక్క మాటైనా అనకుండా చూపించాడు.

బెర్లిన్ పోలీసులు దీన్ని నిషేధించారు. 1893లో కోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. ఎందుకనుకున్నారు? ఆ థియేటర్లో టిక్కెట్ల ధర ఎక్కువ, కార్మికులు పెద్దగా రాలేరట!

మన ప్రదర్శనకు టిక్కెట్టు పెట్టొద్దు. ఫైఫర్ వేషం మాత్రం ఎవరూ ఒప్పుకోవడం లేదని విన్నాను. ఫోల్డింగులో పనిచేసినవాళ్లు ఎవరైనా ముందుకు రండి. గుడ్డ ఎలా పట్టుకోవాలో, తప్పు మీద వేలు ఎలా పెట్టాలో మీకే తెలుసు.