పోటీ పిస్తోలును పరీక్షించుట



2021 జూలై మాసమున టోక్యో ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీ జరుగుచుండగా, మన దేశపు క్రీడాకారిణి మను భాకర్ చేతిలోని పిస్తోలు నడుమ మొరాయించినది. అరువది మారులు కాల్చుటకు నియమితకాలము 75 నిమిషములు. అందు విలువైన నిమిషములెన్నియో మరమ్మతుకే కరగిపోయినవి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానమున నిలిచినది. రెండు పాయింట్ల తేడాలో తుదిపోటీ చేజారినది. ఆమెయే 2024లో పారిస్ నగరమున రెండు కాంస్య పతకములు గెలిచి ఆ కొరత తీర్చుకొన్నది.

మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో పదమూడేండ్ల ప్రాయముననే జాతీయ విజేత యైనది. అట్టి వారిని చూచి పిల్లలు మాకును పిస్తోలు కావలెనని అడుగుట సహజము. మేలురకపు దానికి లక్షకు పైబడిన సొమ్ము పోయవలెను. అంత సొమ్ము పోయునపుడు వెల యొక్కటే చూచి కొనరాదని మా మనవి.

మొదటి పరీక్ష గొట్టమునకు. పిస్తోలును కదలకుండ బల్లకు బిగించి, పది మీటర్ల దూరముననున్న కాగితముపై అయిదారు పెల్లెట్లు కాల్చవలెను. లక్ష్యమునందలి పది పాయింట్ల వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, పెల్లెటుది 4.5 మిల్లీమీటర్లు. మేలైన పిస్తోలు వానినన్నిటిని ఇంచుమించు ఒకే రంధ్రమున దూర్చును. ఆస్ట్రియా వారి స్టెయిర్, స్విట్జర్లాండు వారి మొరీని, జర్మనీ వారి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఇటలీ వారి పార్దీని మొదలగునవి తగిన పెల్లెట్లు దొరకినయెడల ఈ పరీక్షలో నెగ్గునవే. కనుక ఇట్టి పిస్తోళ్లలో గురి తప్పుట సామాన్యముగా గొట్టము దోషము కాదు, చేతి దోషము. చేతికి సాయపడునవి పిడియు, ట్రిగ్గరును.

పిడిని చూచుట సులభము. ఖాళీ పిస్తోలును పట్టి, కన్నులు మూసి, చేయి లక్ష్యము వైపునకు ఎత్తి, కన్నులు తెరవవలెను. ముందరి గురికొన వెనుకటి గాడి నడుమ తనంత తానే నిలిచినచో పిడి అమరినట్లు. ప్రతిసారియు మణికట్టు త్రిప్పవలసి వచ్చినచో పిడి వాలును మార్చవలెను, లేదా చెక్కను ఆకురాయితో అరగదీయవలెను. పిల్ల పెరుగునులే యని పెద్దది కొనుట చెప్పుల విషయమున చెల్లును గాని, ఇచట చెల్లదు.

ఇక ట్రిగ్గరు. ఎయిర్ పిస్తోలు ట్రిగ్గరు 500 గ్రాముల బరువును విడువక మోయవలెనని నియమము. తూకపు గుండు తగిలించి పరీక్షింతురు. అయితే బరువొక్కటే గుణము కాదు. మొదటి అంచె మెత్తగా వచ్చి, ఒకచోట ఆగి, ఆపై ఈడ్పు లేక తటాలున విడవవలెను. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు విడుపు మిక్కిలి తేటగా నుండును గాని, దానికి బ్యాటరీ కావలెను. యాంత్రికమైన దానికి ఆ చింత లేదు.

పిమ్మట ఓర్పు పరీక్ష. పిస్తోలు బరువు 1500 గ్రాములు మించరాదు. కిలో బరువైనను చాచిన చేత అరువది మారులు నిలుపుట తేలిక కాదు. కావున అంగడిలో అయిదు మారులు కాల్చి తీర్పు చెప్పరాదు. శిక్షకుని యెదుట, అరువు తెచ్చిన దానితోనైనను అరువది మారులు కాల్చి, మొదటి పదింటి ఫలితముతో చివరి పదింటిని పోల్చవలెను. ఎప్పుడును గొట్టము మొన లక్ష్యము వైపే యుండవలెను.

తుదకు అమ్మువానిని రెండు ప్రశ్న లడుగవలెను. గాలి సిలిండరుపై వేసిన గడువు తేదీ యేది? విడిభాగములు ఎన్ని దినములలో చేరును? దీనికి సూటియైన జవాబు రానిచో, ఎంత పేరున్న పిస్తోలైనను వెనుదీయుట మేలు. టోక్యోలో కరగిన ఆ నిమిషములు మనకు నేర్పినది ఇదియే. చేతికి అమరి, పోటీదినమున తన్ను తలచుకొను పని పెట్టనిదే మంచి పిస్తోలు.