వేలి సైగతో నడిచే జట్టు
వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు. బ్లాక్ తప్ప, ఒకరే వరుసగా రెండుసార్లు తాకకూడదు. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో ఆడినా, ఆసియా క్రీడల్లో ఆడినా జట్టుకు ఇరుసు, స్మాషర్‌కు బంతి అందించే సెట్టరే. సర్వీసుకు ముందు నడుం వెనక చెయ్యి పెట్టి వేళ్లతో సైగ చేస్తాడు. బంతి ఎవరికి, ఎంత ఎత్తున వస్తుందో స్మాషర్లకు అప్పుడే తెలిసిపోతుంది. చప్పట్లు మాత్రం స్మాషర్‌కే!

తీర్పుపై రిఫరీని అడిగే హక్కు కెప్టెన్ ఒక్కడిదే. ఒకప్పుడు లిబరోకు, అంటే వెనక వరుసలో రక్షణకే పరిమితమైన ఆటగాడికి, ఆ పదవి దక్కేది కాదు, ఇప్పుడు దక్కుతోంది. టైమ్ అవుట్ 30 సెకన్లే, ఉపన్యాసాలు కుదరవు.

ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు 1962 జకార్తాలో రజతం, 1986 సియోల్‌లో కాంస్యం గెలిచింది. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య అందుకున్న అరికపూడి రమణారావు మన తెలుగువాడే.