ప్రీతి పేరుతో చెప్పిన మాట



2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ సినిమా వచ్చినప్పుడు, బస్సు మీది దాని ముద్దు పోస్టరును కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు చించేశారు. కొన్నాళ్లు టీవీల్లో అదే రచ్చ. పోస్టరు మీద జరిగినంత చర్చ సినిమాలోని తరగతి గది మీద జరగలేదన్నదే నా బాధ. సీనియర్ అయిన అర్జున్ ఫస్టియర్ క్లాసులోకి వచ్చి, ఆ క్లాసులోని ప్రీతి అనే అమ్మాయి ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో స్నేహం చేయాలో తానే తేల్చేస్తాడు. ఆమెను అడిగేవాళ్లే లేరు.

నా విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను సినిమాను అక్కడ ఆపి అడుగుతాను. గదిలో ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరూ ఎందుకు నోరు మెదపలేదు? మొదట నవ్వుతారు. తర్వాత ఒకరు సీనియర్ల భయమంటారు, ఇంకొకరు హాస్టల్లో వెలివేస్తారంటారు. ఒకసారి ఓ అమ్మాయి, “ప్రీతి ఇంట్లో చెబితే చదువు మాన్పించేస్తారు సార్” అంది. అది సినిమా చూసి చెప్పిన మాట కాదని క్లాసంతటికీ అర్థమైంది. నేను ఆరా తీయలేదు, తీయకూడదు కూడా. సొంత పేరుతో చెప్పుకోలేనిది ఆ పిల్ల ప్రీతి పేరుతో చెప్పగలిగింది. గొడవ రేపిన సినిమాలను నేను పాఠంలోకి తెచ్చేది ఇందుకే.

మగపిల్లల మీది ఒత్తిడిని తేలిగ్గా తీసుకోను. కోపం తప్ప ఏడుపు చూపించనివ్వని ఇళ్ల నుంచి వచ్చిన అబ్బాయిలు ఎందరో అర్జున్‌లో తమను చూసుకున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు, మాట్లాడించాలి. 2023లో వచ్చిన ‘బేబీ’ చూస్తూ, బస్తీ నుంచి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లిన వైష్ణవిని హాల్లో తిట్టినవాళ్లనూ అంతే. ఆ కాలేజీలో ఆమె బట్టలనీ రంగునీ చూసి నవ్విందెవరని అడగాలి.

మళ్లీ ప్రీతి దగ్గరికి వస్తాను. కులాన్నీ పరువునూ అడ్డుపెట్టి ఆమె తండ్రి అర్జున్‌ను గెంటేస్తాడు. అర్జున్ తేల్చుకోమని ఆమెకు ఆరు గంటల గడువిస్తాడు. ప్రేమించినవాడు గడువు పెట్టాడు, కన్నవాడు ముహూర్తం పెట్టాడు. ఆమెకేం కావాలో మూడు గంటల సినిమాలో మనకు తెలిసేది బహు తక్కువ.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ సినిమాలు మీ పిల్లలు మీకు తెలియకుండా ఫోన్లలో చూసే ఉంటారు. ఇప్పుడు ఇంట్లో కలిసి చూడండి. ఇబ్బందనిపిస్తే ముద్దు సీన్లు దాటేయండి, తండ్రి సీన్లు మాత్రం దాటేయకండి. అక్కడ ఆపి, మీ అమ్మాయి ఏమంటుందో పూర్తిగా విన్నాకే మీరు మాట్లాడండి.