మునసబు కుర్చీ, రాజు గద్దె



రుఆబాంధాలో ఉన్న మన తెలుగు ఇళ్లలో తాతల ఊరి ముచ్చట్లు ఇంకా వినిపిస్తూనే ఉంటాయి. మా తాత ఊరికి వెట్టివాడు. ఆయన తండ్రీ అంతే. మునసబు కొడుకు మునసబు, కరణం కొడుకు కరణం, వెట్టివాడి కొడుకు వెట్టివాడు. మా నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి ఆ వరస తెంచాడు. దేశానికి పెద్దగా రాజు మేలా, ఎన్నికైన రాష్ట్రపతి మేలా అని మాట్లాడమంటే, నాకు లండన్ కాదు, తెనాలి గుర్తొచ్చింది.

తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవిని 1895 నాటి మద్రాసు చట్టం చూపించి పాత మునసబు వంశీకుడికే కట్టబెట్టారు. గాజుల దశరథరామారావు సుప్రీంకోర్టుకెక్కాడు. మునసబుగిరీ కూడా ప్రభుత్వ పదవే, కేవలం వంశం చూసి ఇవ్వడం రాజ్యాంగం 16(2)కి విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు చెప్పింది. ఊరి మునసబు కుర్చీకే పుట్టుక అర్హత కాకపోతే దేశపు గద్దెకు ఎలా అవుతుంది? (ఊళ్లలో ఆ పెత్తనం మాత్రం 1984లో ఆ పదవులే రద్దయ్యేదాకా సాగింది.)

రాజు పార్టీలకు అతీతుడు, రాష్ట్రపతి పార్టీ మనిషి అంటారు. మన రాష్ట్రపతిది ఇంగ్లండు రాజు స్థానంలాంటిదే, రాజ్యానికి అధిపతి తప్ప కార్యనిర్వాహక అధిపతి కాదని బాబాసాహెబే 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు. అధికారాల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ కుర్చీలో ఎవరు కూర్చోవచ్చన్నదే. 1997లో దళితుడైన కె.ఆర్. నారాయణన్ కూర్చున్నారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమన్న కేంద్ర మంత్రివర్గం సిఫారసును ఆ ఏడాదే వెనక్కి పంపారు. పార్టీలకు అతీతంగా ఉండటానికి రాజరక్తం అక్కర్లేకపోయింది.

ఇక్కడి విద్యార్థులు బస్తర్ సంగతి అడుగుతారు, అడగాలి కూడా. ఓరుగల్లు కాకతీయుల వారసులమని చెప్పుకొన్న వంశం అక్కడ ఏలింది. ఆఖరి రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1957లో ఎమ్మెల్యేగా కూడా గెలిచాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆదివాసులతో పాటు చనిపోయాడు. అప్పుడున్నది ఎన్నికైన ప్రభుత్వమే. ఆదివాసులు ఆయన కోసం ప్రాణాలిచ్చింది రాజరికం మీద మోజుతోనేనని నేననుకోను. వాళ్ల మొర వినే గుమ్మం అదొక్కటే కనిపించింది.

ఐదో షెడ్యూల్ ప్రకారం ఇప్పుడు ఆ గుమ్మం గవర్నరుది. ఆదివాసీ ప్రాంతాలకు ఏ చట్టం వర్తించకూడదో ఆయన ప్రకటించవచ్చు, ఆ ప్రాంతాల పాలన మీద రాష్ట్రపతికి నివేదిక పంపాలి. రాష్ట్రపతినైనా మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. గవర్నరుని ఎవరూ ఎన్నుకోరు. రాజు గురించి వాదించే మనం ఆ కుర్చీ గురించి ఎందుకు అడగం? చర్చ అక్కడి నుంచి మొదలుపెడదాం, చెప్పండి.